మంగళవారం తెలిసిన చెట్లు

పెన్నోబులేసు పిస్తా తోటలో పడమటి సగం చెట్లకు మంగళవారం ఎప్పుడొస్తుందో తెలుసు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఊళ్ళో అందరూ నవ్వారు. కుళ్ళాయప్ప అయితే, "ఈపొద్దు ఏ వారమో మా ఇంట్లో మనుషులకే తెల్దు, చెట్టుకు తెలుసంటనా" అని టీ అంగడి దగ్గర కనబడ్డ ప్రతివాడికీ చెప్పి నవ్వాడు. సోమవారం సాయంత్రం ఆ చెట్ల దగ్గరికి వెళ్ళి ఆకులు పట్టుకొని చూశాక ఆ నవ్వు కొంచెం తగ్గింది. వారమంతా వేడిగా, తోలులాగా బిగుసుకొని ఉండే ఆకు అప్పుడు చల్లగా తగిలింది. నీళ్ళు ఇంకా రాలేదు. రేపొస్తాయని చెట్టు ముందే తయారవుతోంది.

ఆ చెట్ల వేరు గంగరత్న తయారు చేసింది. పెన్నోబులేసుకు ఆమె ఒక్కతే చెల్లెలు, పట్నం అవతల పండ్లతోటల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. చలి అక్కర్లేని పిస్తా రకం వచ్చి, అనంతపురం ఎండల్లో కూడా కాస్తుందని తేలిన కొత్తలో, కొమ్మ సంగతి అందరూ చూసుకుంటున్నారు కదా, నేను వేరు సంగతి చూస్తానని ఆమె పట్టుబట్టింది. పిస్తా పైకి ఒక చెట్టేగానీ నిజానికి రెండు. కింద ఒక జాతి మొక్క వేరు, పైన దానికి అంటుకట్టిన ఇంకో జాతి కొమ్మ. నీళ్ళు తక్కువైన చోట చెట్టు బతకడమూ కాయడమూ చాలావరకు ఆ కింది వేరు చేతిలోనే ఉంటాయి.

ఈ సంగతి విని గంగరత్న వదిన హనుమక్క తనదైన భాష్యం చెప్పింది.

"అంటే కాసేది కోడలు, నీళ్ళు పంచేది అత్త. అత్త పిసినారిదైతే కోడలు తాలుకాయలు కాస్తాది. ఇంతేనా, దీనికి ఇన్నేండ్లు చదవల్లనా?"

"అంతే వదినా. నేను మంచి అత్తను తయారు చేస్తాండా."

"మంచి అత్తను సైన్సే చెయ్యాల్లే, దేవునితో కాలేదు" అని హనుమక్క నవ్వింది. ఆమె నవ్వితే ఇల్లంతా వినబడేది.

మామూలు వేరు అనుమానపుది. నేల కాస్త ఆరితే చాలు, ఆకుల రంధ్రాలు మూసేయమని పైకి కబురు పంపుతుంది. నీళ్ళొచ్చినా వెంటనే నమ్మదు, తెరవడానికి రోజులు పడుతుంది. అందువల్ల చెట్టు చావదుగానీ కాయలో గింజ సరిగ్గా పోసుకోదు, సగం తాలు పోతుంది. గంగరత్న తన మొక్కలకు కుండీల్లో వాయిదా ప్రకారం నీళ్ళిచ్చేది. ఆ వాయిదాను తొందరగా పట్టుకున్న మొక్కల్ని ఉంచుకొని, ఆలస్యంగా పట్టుకున్నవాటిని పెంటకుప్పలో వేసేది. అలా ఏరి ఏరి, వాటి విత్తనాల్లో ఆ నేర్పును స్థిరపరిచి, చివరికి రెండే వంతుల్లో లెక్క నేర్చుకునే వేరును సాధించింది. నీళ్ళొచ్చే రోజుకు ఆకులు బార్లా తెరిచి, ఆ నీళ్ళతో చేయగలిగినంత చేసి, తర్వాత మళ్ళీ వంతు దాకా గట్టిగా మూసుకునే వేరది. అన్న తోటలో తూర్పు సగం పాత వేరు మీద, పడమటి సగం కొత్త వేరు మీద నాటారు.

బోరు మాత్రం ముగ్గురిది. మంగళవారం పెన్నోబులేసు వంతు, గురువారం వన్నూరప్పది, శనివారం కుళ్ళాయప్పది. మిగిలిన రోజుల్లో మోటారు ఆపి బోరుకు ఊట ఊరనిస్తారు. ముగ్గురి తాతల కాలంలో అక్కడ బావి ఉన్నప్పటి నుంచీ ఆ వంతులే. ఆ బావి నాటి కట్టుబాటు ఇంకొకటి కూడా ఉంది. ముగ్గురిలో ఎవరింట్లో చావైనా, దినాలు అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు చేని మొహం చూడరు. అన్ని రోజులూ మిగతా ఇద్దరూ తమ వంతు నీళ్ళు కూడా ఆ ఇంటి చేనుకే కడతారు. ఇది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పొద్దున్నే పార భుజాన వేసుకొని వెళ్ళిపోతారు.

నిరుడు పడమటి చెట్లు మొదటిసారి గంపలు నింపాయి. కాయలన్నీ నోరు తెరుచుకొని, లోపల పచ్చటి గింజ కనిపించేట్టు కాశాయి. అదే నీళ్ళతో తూర్పు చెట్లకు సగం తాలు. పరిశోధన కేంద్రం పెద్ద శ్రీపతిగారు తోటంతా తిరిగి, "ఇక మనం ఆగక్కర్లేదు గంగరత్నా, వచ్చే ఏడు రైతులకు ఇచ్చేద్దాం" అన్నారు. వన్నూరప్ప తన చెనిక్కాయ చేనులో సగం తీసి ఇదే వేరు పెడతానని అప్పుడే పేరు చెప్పుకున్నాడు. చెల్లెలి గొప్ప చెప్పుకొని పెన్నోబులేసు ఆ రోజు టీ అంగడిలో అందరికీ టీ పోయించాడు.

ఆ మరుసటి వేసవిలో, కాయల్లో గింజ పోసుకొనే రోజుల్లో, సంత నుంచి వస్తూ వస్తూ అతడు బస్సులోనే పక్కవాని భుజం మీదికి ఒరిగిపోయాడు. ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

గంగరత్న వచ్చి వదిన పక్కన కూర్చుంది. హనుమక్క ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇమ్మని చెబుతూ, గోడకానుకొని అలాగే ఉంది. ఒక పొద్దున దూరం నుంచి మోటారు చప్పుడు వినబడింది.

"ఎవరు ఏసినారే మోటారు?" అంది హనుమక్క.

"వన్నూరన్న. మీ తోటకే కడుతుండాడు" అని ఎవరో చెప్పారు.

అప్పుడు హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భోరుమంది. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. గంగరత్న కూడా ఆమె మెడ మీద తల పెట్టి ఏడ్చింది. ఆ రోజు ఏ వారమో గంగరత్నకు తోచలేదు. చావింట్లో వారాలెవరికి గుర్తుంటాయి? ఆ తర్వాత కూడా చాలా పొద్దులు మోటారు చప్పుడు వినబడింది. విన్న ప్రతిసారీ మనసుకు కాస్త ధైర్యంగా ఉండేది.

దినాలయ్యాయి. గంగరత్న తిరిగి పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. తోటలోని ఆకులకు చిన్న చిన్న క్లిప్పులు తగిలించి ఉన్నాయి. ఆకు తెరుచుకుందో మూసుకుందో అవి ఎప్పటికప్పుడు ఆమె బల్ల మీది తెరకు పంపిస్తాయి. గురువారం చూస్తే పడమటి చెట్లన్నీ బార్లా తెరుచుకొని ఉన్నాయి. ఎండకు క్లిప్పులు పాడై ఉంటాయనుకుంది. శనివారం మళ్ళీ తెరుచుకున్నాయి. సోమవారం పొద్దున్నే కూడా. క్లిప్పులు పాడవలేదని అప్పుడామెకు అర్థమైంది. వదినకు ఫోను చేసి, "నీళ్ళు ఏ పొద్దు కడుతుండారు వదినా?" అని అడిగింది.

"మన వంతుకే. మంగళారం. ఎందుకు?"

"మనం ఇంట్లో కూర్చున్నప్పుడో?"

"అప్పుడా... పొద్దుమార్చి పొద్దు కట్టినాడంట వన్నూరన్న. మిగతా పొద్దుల్లో బోరు ఊరనీకుండా గూడా. ఓబులేసు చెట్లు ఎండగూడదని."

గంగరత్న ఏరి ఏరి తెచ్చిన వేరు అది, తొందరగా నేర్చుకుంటుంది. దుఃఖపు రోజుల నీళ్ళను అది కొత్త లెక్కగా పట్టుకుంది. రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయని నమ్మి, నీళ్ళు రాని రోజుల్లో కూడా నడినెత్తి ఎండకు ఆకులన్నీ తెరిచి నిలబడింది. పాత లెక్క మళ్ళీ నేర్చుకోవాలంటే రెండు వంతులు చూడాలి. ఆ ఎండలో రెండు వంతుల దాకా ఒంట్లో నీరు మిగలదు. అదనంగా కట్టి కాపాడదామంటే, అంతకుముందు ఆగకుండా నడిపినందువల్ల బోరులో ఊట అడుగంటి, మంగళవారం నీళ్ళే సన్నగా వస్తున్నాయి.

ఆమె తోటకు వచ్చేసరికి పడమటి సగం చెట్లు నిప్పుసెగ తగిలినట్లున్నాయి. ఆకు నలిపితే పొడైంది. కాయలు కొమ్మకే ముడుచుకుపోయాయి. గట్టు వారగా, నీడ తగిలే చోట ఒక వరస మాత్రం ప్రాణం నిలుపుకొని, తర్వాతి రెండు వంతుల్లో మళ్ళీ మంగళవారాన్ని నేర్చుకుంది. తూర్పున పాత వేరు చెట్లు, ఏమీ జరగనట్లు, దుమ్ముపట్టిన ఆకులతో ఉన్నాయి. అవి మధ్యలో వచ్చిన నీళ్ళనూ నమ్మలేదు, ఆగిపోయిన నీళ్ళకూ బెదరలేదు.

హనుమక్క ఒక ఎండుకొమ్మ విరిచి చూసి, కింద పడేసింది. "ఎందుకిట్ల అయింది రత్నా?"

గంగరత్న చెప్పింది. దాచాలని ఆమెకు అనిపించలేదు. అంతా విని హనుమక్క గట్టు మీద కూర్చుంది.

"వన్నూరన్నకు తెలియగూడదు" అంది. "చెట్లు పోతే పోనీ. ఆ మనిషి తట్టుకోలేడు."

"చెప్పను వదినా."

పరిశోధన కేంద్రంలో శ్రీపతిగారు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. చెడ్డవాడు కాదాయన. నర్సరీలో వేలాది నారుమొక్కలు తయారుగా ఉన్నాయి, వాన మొదలైతే పంచాలి, ఊరూరా రైతులు ఎదురుచూస్తున్నారు. "వేరులో లోపం లేదు కదమ్మా. నీళ్ళు కట్టడంలో పొరపాటు జరిగింది. వంతు తప్పి కట్టొద్దని రైతులకు గట్టిగా చెబితే సరిపోతుంది. నువ్వే మీటింగులు పెట్టి చెప్పు, నీ మాటైతే వింటారు" అన్నారు. పదేళ్ళ చాకిరీ అది. అన్న పోయాక మిగిలిందీ అదే. ఆమె సరేనంది.

మొదటి మీటింగు వాళ్ళ ఊరి బడిలోనే పెట్టారు. గంగరత్న అన్న తోట పేరెత్తకుండా, ఎవరి పేరూ రాకుండా జాగ్రత్తగా మాట్లాడింది. ఈ వేరుకు మీ వంతే గడియారం అంది. వంతు రోజున తప్పకుండా కట్టండి, వంతు కాని రోజున ఒక్క చుక్క కూడా కట్టొద్దు, ఇంకెవర్నీ కట్టనివ్వొద్దు అంది. చెబుతున్నంతసేపూ రెండో వరసలో కూర్చున్న వన్నూరప్ప వైపు చూడలేదు.

అతడే లేచి నిలబడ్డాడు. "వంతు గాని పొద్దు కడితే ఏమైతాది పాపా?"

"చెట్టుకు మంచిది కాదు మామా."

"మంచిది కాదంటే? వాడిపోతాదా, చచ్చిపోతాదా?"

అందరూ చూస్తున్నారు. ఆ నారు నాటబోయేవాళ్ళు వాళ్ళంతా. "చచ్చిపోతాది మామా" అంది గంగరత్న.

వన్నూరప్ప తలూపాడు. తువ్వాలు భుజం మీద సర్దుకొని, అందరినీ దాటుకొని మెల్లగా బయటికి వెళ్ళిపోయాడు. మరునాడు హనుమక్క వాకిలి తీసేసరికి, బోరు మోటారు స్టార్టరు పెట్టె తాళంచెవి అరుగు మీద ఉంది. అన్నేళ్ళూ అది అతని మొలతాడుకే ఉండేది.

హనుమక్క గంగరత్నను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "వాళ్ళ చెనిక్కాయ చేను జూస్తివా? మనకు కట్టి కట్టి వాళ్ళది ఎండబెట్టుకున్నాడు. ఇప్పుడు నా మొగం జూడలేక దోవ మార్చి పోతాండాడు" అంది, అంతే.

ఆ ఏడు వాన జూలై దాకా జాడలేదు. ఈలోగా కుళ్ళాయప్ప తండ్రి పోయాడు. పెద్ద వయసు మనిషే, అయినా చావు చావే. కుళ్ళాయప్పది మల్బరీ తోట. షెడ్డులో పట్టుపురుగులు ఆకు మీద ఆకు మేసే దశలో ఉన్నాయి. దగ్గర చుట్టమొకడు షెడ్డులో పురుగులకు ఆకు వేస్తున్నాడుగానీ, తోటకు నీళ్ళు కట్టేవాడు లేడు. వన్నూరప్ప వంతు వచ్చింది, పోయింది. అతడు మోటారే వేయలేదు, తన చేనుకు గూడా కట్టుకోలేదు. శనివారం కుళ్ళాయప్ప వంతు కూడా ఊరికే పోయింది. పక్క బోర్ల వాళ్ళు కూడా ఒకరి చేనిలో ఒకరు కాలు పెట్టడం మానేశారు. మీటింగులో పాప చెప్పింది కదా, ఎవరి నీళ్ళు వాళ్ళకే మంచిదని అనుకోసాగారు. ఆమె చెప్పింది ఒక వేరు గురించి. వాళ్ళు మనుషుల గురించి విన్నారు.

మంగళవారం పొద్దున గంగరత్న ఊరికి వచ్చింది. గట్టు వారగా మిగిలిన ఆ ఒక్క వరసకు దగ్గరుండి నీళ్ళు కట్టించాలని వచ్చింది. కుండీలో కాకుండా నేలలో, అంత దెబ్బ తిని కూడా మళ్ళీ నేర్చుకున్న చెట్లు అవే. వాటి వేర్ల నుంచి పిలకలు తెప్పించగలిగితే ఈ లోపాన్ని ఎక్కడో ఒకచోట దిద్దవచ్చని ఆమె ఆశ. అప్పటికవి బాగా నీరసించి ఉన్నాయి. ఇంకొక్క వంతు తప్పితే నిలవవు.

హనుమక్క అప్పటికే పార భుజాన వేసుకొని వాకిట్లో నిలబడి ఉంది. "నాతో రా" అని ముందు నడిచింది.

తోటకు వెళుతుందనుకుంటే వన్నూరప్ప ఇంటికి దారి తీసింది. అతడు పంచలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. వీళ్ళను చూసి లేవబోయి, లేవలేక, తల వంచుకున్నాడు.

"లెయ్ అన్నా. ఈపొద్దు మా వంతు. కుళ్ళాయప్ప తోటకు కట్టాల."

"నా చేతులు మంచియి గావమ్మా. నీ చెట్లు..."

"నీ చేతులకు ఏమైంది? ఆ పొద్దు మా ఇంట్లో పొయ్యి గూడా ముట్టియ్యలేదు, నువ్వు కట్టిన నీళ్ళ సప్పుడు విని నేను బతికినా. చెట్టే మంచిది గాదు, మనకు సరిపోలేదు. దానికోసరం నువ్వు మంచం పట్టల్లనా?"

వన్నూరప్ప భుజాలు కదిలాయి. తువ్వాలుతో మొహం తుడుచుకొని, దాన్ని అలాగే కళ్ళకు పట్టుకున్నాడు. హనుమక్క తాళంచెవి తీసి అతని ఒళ్ళో పెట్టింది. తర్వాత మరదలి వైపు తిరిగింది.

"వంతు నాది రత్నా, వేరు నీది. ఆ వరస పోతాదని నాకు తెలుసు. నువ్వు ఒప్పుకోకుంటే చెప్పు, నీకు సగం, వాళ్ళకు సగం కడదాం."

బోరులో ఉన్న నీళ్ళకు సగమంటే ఇద్దరికీ ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు. గంగరత్నకు చెట్టు కంటే ముందు ఆ పెంటకుప్ప కళ్ళ ముందు కనబడింది. ఆలస్యంగా నేర్చుకుంటాయని, సగం నమ్మీ సగం నమ్మక ఆకులు ఓరగా పెట్టుకుంటాయని, ఇన్నేళ్ళు ఆమె ఏరి పారేసిన మొక్కలు. మనుషులు వంతు తప్పే రోజులుంటాయని, ఆ రోజుల్లోనే మనుషులు మనుషుల్లాగా ఉంటారని ఆమె ఒక్క కుండీలోనూ లెక్కకు పెట్టుకోలేదు. చాలా సిగ్గేసింది ఆమెకు.

"వద్దు వదినా. అంతా వాళ్ళకే" అంది.

దారిలోనే శ్రీపతిగారికి ఫోను చేసింది. ఆ నారు ఎవరికీ ఇవ్వొద్దని, తూర్పు సగం వేరునే మళ్ళీ పట్టుకొని మొదటినుంచి పని చేద్దామని చెప్పింది. ఆయన చాలాసేపు వాదించారు. పదేళ్ళమ్మా, అన్నారు. అవునండీ, పదేళ్ళే, అందామె. వచ్చి మాట్లాడతానని పెట్టేసింది.

వన్నూరప్ప మోటారు వేశాడు. పైపులో గాలి బుసకొట్టి, తర్వాత నీళ్ళు వచ్చాయి. తోటకు వెళ్ళే గేటువాల్వు దగ్గర గంగరత్నే నిలబడింది. అటు పక్కన ఆ ఒక్క వరస చెట్లు, మంగళవారం కాబట్టి, ఆకులన్నీ తెరుచుకొని ఉన్నాయి. ఆమె రెండు చేతులతో పట్టి ఆ వాల్వును బిగించింది. ఇవతలిది తిప్పింది. నీళ్ళు మల్బరీ తోటలోకి సాగాయి. హనుమక్క చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని పారతో వాటి వెంట నడిచింది.

ఎండ ముదిరేదాకా గంగరత్న ఆ చెట్ల దగ్గరే కూర్చుంది. గట్టు నీడ గూడా అప్పటికి వాటిని విడిచిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. మల్బరీ తోటలో పని చూసుకొని వన్నూరప్ప ఇటుగా వచ్చాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. ఆమె పక్కన కొంచెం ఎడంగా నిలబడి, చెట్ల వైపు, ఆమె వైపు చూశాడు. ఏదో అడగాలని వచ్చి, అడగడానికి భయపడుతున్నట్లున్నాడు.

"పాపా, ఎల్లుండి బేస్తారం మా వంతు" అన్నాడు చివరికి. "కుళ్ళాయప్పకు కట్టినాక నీ చెట్లకు గూడా కట్టేదా?"

అది వాటి వంతు కాదు. గురువారం దాకా అవి ఉండవు కూడా.

"కట్టు మామా" అంది గంగరత్న.